ఫాస్ట్ ఫుడ్, ఆరోగ్యం, న్యాయాన్యాయాలు: తిరుపతిలో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, దర్శనానికి వచ్చి రెండు మూడు పూటలు బయట తినక తప్పని యాత్రికులు వేర్వేరు సందర్భాల్లో నన్ను అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను వైద్యుణ్ణి కాను కాబట్టి మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ పేజీకన్నా తమ వైద్యుడి మాటనే ప్రమాణంగా తీసుకోవాలి.

ఫాస్ట్ ఫుడ్ అంటే ఏమిటి? ఇడ్లీ కూడా రెండు నిమిషాల్లో వస్తుంది కదా?

మన ఊళ్లో ఈ మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. బైపాస్ రోడ్డు మీద అద్దాల గోడలు, ఏసీ గదులతో బర్గర్లు, పిజ్జాలు, వేయించిన చికెన్ అమ్మే పెద్ద కంపెనీల దుకాణాలు ఒక రకం. సాయంత్రం ఆరు దాటగానే రోడ్డు పక్కన వెలిసి ఎగ్ రైస్, నూడిల్స్, గోబీ మంచూరియా అమ్మే బండ్లు మరో రకం. ‘ఫాస్ట్ ఫుడ్ సెంటర్’ అన్న బోర్డు సాధారణంగా ఈ రెండోదానికే ఉంటుంది. మొదటిది 1948లో అమెరికాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ వంటగదిని ఫ్యాక్టరీలా మార్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పని అప్పగించడంతో రూపుదిద్దుకున్న పద్ధతి. అది 1995లో కెంటకీ చికెన్‌గా బెంగళూరుకు, 1996లో మెక్‌డొనాల్డ్స్‌గా ఢిల్లీకి వచ్చింది. బండి మీది మంచూరియాకు చైనాలోని మంచూరియాతో ఏ సంబంధమూ లేదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబైలో చికెన్‌తో మొదలుపెట్టిన వంటకానికి అది కాలీఫ్లవర్ రూపం.

ఇక ఇడ్లీ సంగతి. వడ్డించే వేగం వేరు, తయారీలోని తొందర వేరు. ఇడ్లీ ప్లేటులోకి రావడానికి రెండు నిమిషాలు చాలు గానీ, దాని వెనుక పప్పు నానిన గంటలు, పిండి పులిసిన రాత్రి ఉన్నాయి. తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో ఒకే విడతలో వేల మందికి నిమిషాల్లో వడ్డన పూర్తవుతుంది. దాన్ని ఎవరూ ఫాస్ట్ ఫుడ్ అనరు. వేగంలో దోషం లేదు. ఆ వేగం కోసం నూనె, ఉప్పు, రంగు ఎంతెంత వాడారో, ఎవరి కష్టాన్ని ఎంత తక్కువకు కొన్నారో తినేవాడికి కనపడకుండా పోవడమే అసలు చిక్కు. అలాగని టిఫిన్ బండికి మినహాయింపు ఇవ్వడం లేదు. మైసూరు బోండా, పూరీ వేగే నూనె కూడా మంచూరియా వేగే నూనెలాంటిదే.

ఒక ప్లేటు ఎగ్ రైస్‌లో నిజంగా ఏముంటుంది?

బాలాజీ కాలనీ వైపు ఒక బండి పక్కన ఒక సాయంత్రం గంటసేపు నిలబడి చూశాను. వండి వార్చి చల్లార్చిన అన్నం వెడల్పాటి అల్యూమినియం బేసిన్‌లో, తడి గుడ్డ కింద ఉంది. గ్యాస్ మంట హోరులో పక్కవాడి మాట వినపడదు. మాస్టరు నల్లబడిన బాండలిలో ఒకటిన్నర గరిటె నూనె పోసి, రెండు గుడ్లు ఒంటి చేత్తో పగలగొట్టి, గుప్పెడు క్యాబేజీ, క్యారట్ తురుము వేసి, అన్నం గుమ్మరించాడు. ఆ తర్వాత అదే గరిటె కొసతో వరసగా ఉన్న డబ్బాల్లోంచి ఉప్పు, మిరియాల పొడి, టేస్టింగ్ సాల్ట్, సోయా సాస్, ఎర్రటి చిల్లీ పేస్టు తీసి విసిరాడు. దేనికీ కొలత లేదు, అతని చెయ్యే కొలత. రెండు నిమిషాలు దాటకముందే ప్లేటు చేతికి వచ్చింది. తినడం పూర్తయ్యాక ప్లేటును కాస్త వంచితే అడుగున నారింజ రంగు నూనె ఒక పక్కకు చేరింది.

ఆ ప్లేటులో మూడు టేబుల్ స్పూన్ల నూనె పడిందనుకుంటే దాదాపు 40 గ్రాములు, అంటే నూనె ఒక్కదాని నుంచే 360 కేలరీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజుకు సూచించిన నూనె, కొవ్వు 27 గ్రాములు మాత్రమే. ఉప్పు విషయానికి వస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములకు తక్కువగా, అంటే ఒక టీస్పూనుకు లోపుగా ఉండాలంటోంది. ఒక టేబుల్ స్పూను సోయా సాస్‌లోనే రెండు గ్రాములకు పైగా ఉప్పుతో సమానమైన సోడియం ఉంటుంది. అందులో లేనివాటినీ చూడాలి: పప్పు లేదు, ఆకుకూర లేదు, పీచుపదార్థం నామమాత్రం. గుడ్డు ఒక్కటే ఆ ప్లేటుకు మర్యాద నిలబెడుతోంది.

నెలకో రెండుసార్లు తింటే కొంప మునుగుతుందా?

మునగదు. మిగతా రోజుల్లో ఇంటి భోజనం చేస్తూ, నడుస్తూ, ఆరోగ్యంగా ఉన్న మనిషికి నెలకు రెండు ప్లేట్ల నూడిల్స్ వల్ల చెప్పుకోదగ్గ హాని జరగదు. ప్రశ్న వారానికి నాలుగు రాత్రుల గురించైతే జవాబు మారుతుంది. 2019లో వెలువడిన ఒక ప్రయోగంలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు అతిగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు సహజ రూపానికి దగ్గరగా ఉన్న ఆహారం పెట్టి, ఎవరికి కావలసినంత వారిని తినమంది. రెండింటిలోనూ ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానమే. అయినా మొదటి రకం తిన్నప్పుడు వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువగా తిని, రెండు వారాల్లో సుమారు 0.9 కిలో బరువు పెరిగారు. నోరు కట్టుకోలేకపోవడం పిల్లల క్రమశిక్షణ లోపమని కోప్పడే తల్లిదండ్రులు ఈ ప్రయోగాన్ని గుర్తు పెట్టుకోవాలి. తిండి తయారైన తీరే ఎక్కువ తినిపిస్తుంది.

మన దేశంలో దీని పర్యవసానం చిన్నది కాదు. భారత వైద్య పరిశోధన మండలి జరిపించి, 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం లెక్క ప్రకారం 10 కోట్ల మందికి పైగా మధుమేహంతోనూ, 13 కోట్ల మందికి పైగా మధుమేహానికి ముందు దశలోనూ ఉన్నారు. ఇదంతా ఫాస్ట్ ఫుడ్ పుణ్యమే అనడం అన్యాయం. మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్ల బియ్యం, కదలని ఉద్యోగం, తక్కువ నిద్ర కూడా ఇందులో భాగస్వాములే.

టేస్టింగ్ సాల్ట్ విషమా?

కాదు. ఈ భయానికి ఆధారం కన్నా ప్రచారం ఎక్కువ. మోనోసోడియం గ్లుటమేట్ అనే ఈ లవణాన్ని 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి వేరుచేశాడు. టమాటాలోనూ, తల్లిపాలలోనూ గ్లుటమేట్ సహజంగానే ఉంటుంది. మామూలు మోతాదులో అది హాని చేస్తుందని అంతర్జాతీయ నిపుణుల సంఘాలు తేల్చలేదు. కొందరికి, ముఖ్యంగా ఖాళీ కడుపున ఎక్కువ మోతాదులో తిన్నప్పుడు, కాసేపు తలనొప్పి, ఒళ్లు వేడెక్కినట్లు ఉండటం జరగవచ్చు. ఏడాది లోపు పసిపిల్లలకు మాత్రం పెట్టకూడదు. నా అభ్యంతరం వేరే ఉంది: నాసిరకం సరుకుకు, నిన్నటి అన్నానికి కూడా అది రుచి తెచ్చిపెడుతుంది. దాన్ని తిట్టుకుంటూ పక్కనున్న ఉప్పు డబ్బాను మరిచిపోవడం మరో పొరపాటు. ఉప్పులో సోడియం దాదాపు 39 శాతం, టేస్టింగ్ సాల్ట్‌లో 12 శాతమే.

కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచడం వల్ల ఏమవుతుంది?

నూనె పదేపదే కాగినప్పుడు విడిపోయి, గాలితో కలిసి, ధ్రువ సమ్మేళనాలు అనే పదార్థాలుగా మారుతుంది. వాటి మొత్తం 25 శాతం దాటిన నూనెను వాడకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. బండి దగ్గర దాన్ని కొలిచే పరికరం ఉండదు గనుక మన కళ్లూ ముక్కే పరికరాలు: నూనె జిగటగా, ముదురు గోధుమ రంగులో ఉన్నా, పొయ్యి వెలిగించిన కొద్దిసేపటికే పొగ వస్తున్నా, అంచుల్లో నురుగు అణగకపోయినా అక్కడ తినకపోవడం మంచిది. పెద్ద హోటళ్లు వాడేసిన నూనెను బయోడీజిల్ తయారీకి ఇచ్చే పథకం కూడా ఆ ఏడాదే మొదలైంది. ఆ నూనె అటు వెళ్లకుండా తక్కువ ధరకు చిన్న బండ్లకు చేరితే, పెద్ద హోటల్‌లో తిన్నవాడికి తప్పిన హాని పేదవాడి ప్లేటులోకి వస్తుంది.

ఒక విడ్డూరం చెప్పక తప్పదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా వేరుశనగ పండే నేల. చెనక్కాయ గానుగ నూనె వాసన తెలియని ముసలివాళ్లు ఇక్కడ ఉండరు. అదే నేల మీద బండ్లలో కాగేది ఎక్కువగా పామాయిలే, చౌక గనుక. గుండెకు అంతగా మంచిది కాని సంతృప్త కొవ్వు పామాయిల్‌లో దాదాపు సగం. వేరుశనగ నూనెలో అది ఐదో వంతుకు మించదు. గుండెకు మరింత చేటైన ట్రాన్స్ కొవ్వు విషయంలో కొంత మేలు జరిగింది: నూనెలు, వనస్పతిలో అది 2 శాతం మించకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి వచ్చింది.

గోబీ మంచూరియాకు అంత ఎరుపు ఎలా వస్తుంది?

కశ్మీరీ మిరప పొడి ముదురు ఎరుపును ఇవ్వగలదు గానీ, వేళ్లకు అంటి సబ్బుతో కడిగినా పోని గులాబీ ఎరుపును ఇవ్వలేదు. బట్టలకు అద్దే రోడమిన్–బి అనే రంగును తిండిలో వాడటం మన దేశంలో పూర్తిగా నిషిద్ధం. పక్క రాష్ట్రమైన కర్ణాటక 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను, పీచు మిఠాయిలో రోడమిన్–బిని నిషేధించింది. అంతకు ముందు నెలలో తమిళనాడు పీచు మిఠాయినే నిషేధించింది. రెండు రాష్ట్రాల సరిహద్దుల మధ్య ఉన్న చిత్తూరు ఊళ్లలో ఎర్రటి ప్లేటును ఆకర్షణగా కాక అనుమానంగా చూడటం అలవాటు చేసుకోవాలి. రంగు లేకుండా చేయమని అడిగితే చేసి ఇచ్చే మాస్టర్లు ఉన్నారు; అడిగేవాళ్లు తక్కువ.

ఫ్రైడ్ రైస్ తిన్న రాత్రే వాంతులు ఎందుకవుతాయి? వేడివేడిగానే తిన్నాను కదా?

ఇది అందరికీ తెలియాల్సిన సంగతి. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నం గంటల తరబడి గది వేడిలో, అదీ తిరుపతి మే నెల వేడిలో ఉన్నప్పుడు అవి మొలకెత్తి విషాన్ని తయారు చేస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం తర్వాత బాండలిలో ఎంత మంట మీద వేయించినా నశించదు. అందుకే వేడిగా తిన్నానన్న ధీమా ఇక్కడ పనికిరాదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలైతే దీన్ని అనుమానించవచ్చు. వండిన ఆహారం 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య ఎక్కువసేపు ఉండకూడదన్నది సూత్రం. సద్దన్నాన్ని రాత్రంతా నీళ్లలోనో మజ్జిగలోనో పులియబెట్టే మన పెద్దవాళ్ల పద్ధతిలో పులుపు చాలా క్రిములను అదుపు చేస్తుంది గానీ, బేసిన్‌లోని పొడి అన్నానికి ఆ రక్ష లేదు.

మయొనైజ్ సంగతీ ఇలాంటిదే. పచ్చి గుడ్డుతో చేసిన మయొనైజ్‌ను తెలంగాణ 2024 అక్టోబరు చివర్లో, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో ఏడాది పాటు నిషేధించాయి. మూత లేని డబ్బాలో, ఎండకు పసుపెక్కిన మయొనైజ్ కనపడితే అది వద్దనండి.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించాలి. రక్తం పడినా, మూత్రం ఆగినా, మనిషి మగతగా ఉన్నా, బాధితులు పసివాళ్లో వృద్ధులో గర్భిణులో అయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మేము శాకాహారులం. బండి మీద గోబీ తినవచ్చా?

ఆరోగ్యం కన్నా విశ్వాసానికి సంబంధించిన ఈ ప్రశ్న యాత్రికులు ఎక్కువగా అడుగుతారు. తిరుమల కొండ మీద మాంసాహారానికి చోటు లేదు గానీ, అలిపిరి దిగువన ఊళ్లో చాలా బండ్లలో చికెన్ 65, గోబీ ఒకే బాండలిలో, ఒకే నూనెలో వేగుతాయి. నూడిల్స్ తిప్పే గరిటె కూడా ఒకటే. ప్యాకెట్ల మీద ఉండే ఆకుపచ్చ గుర్తు ప్లేటు మీద ఉండదు. కాబట్టి “రెంటికీ ఒకే నూనెనా అన్నా?” అని ముందే అడగాలి. కలిపి వేయించడం అమ్మేవాడి హక్కే కావచ్చు. అడిగినప్పుడు అబద్ధం చెప్పడం మాత్రం మోసం. వ్రతంలో ఉన్నవాళ్లు, ఉల్లి, వెల్లుల్లి కూడా మానేవాళ్లు ఈ బండ్ల జోలికి వెళ్లకపోవడమే వారికి మనశ్శాంతి.

చికెన్ విషయంలో న్యాయాన్యాయాల మాట ఎందుకు వస్తుంది?

బ్రాయిలర్ కోడి పుట్టిన ఆరు వారాల్లో సుమారు రెండు కిలోలకు పెరిగి కత్తికి బలవుతుంది. అంత తొందరగా కండ పెరిగేలా తయారైన పక్షికి కాళ్లు, గుండె దానికి తగ్గట్టు బలపడవు. మాంసం తినడమే తప్పని నేను అనను. సంగటి, నాటుకోడి పులుసు తిని పెరిగిన ప్రాంతం మనది. కాకపోతే పెరట్లో తిరిగిన కోడిని పండగకు కోసుకోవడమూ, రోజూ బకెట్ల లెక్కన వేయించిన ముక్కలు తినడమూ ఒకటి కాదు. మందుల సమస్య మరొకటి. కోళ్లకు అవసరం లేకున్నా యాంటీబయాటిక్స్ వాడితే, వాటికి లొంగని క్రిములు మనుషులకు చేరతాయి. మనుషుల వైద్యంలో ఆఖరి ఆశగా మిగిలిన కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడకూడదని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. ఇక కంపెనీ ఇచ్చిన కోడిపిల్లలను, కంపెనీ దాణాతో పెంచి కిలోకు ఇంతని పెంపకం కూలి తీసుకునే షెడ్డు రైతుకు మార్కెట్లో చికెన్ ధర పెరిగినా ఒరిగేది స్వల్పమే.

బర్గర్‌తో పాటు కోలా వద్దని మామిడి రసం తాగితే మంచిదేనా?

పేరు చూసి మోసపోకండి. పళ్ల పానీయం అని అమ్ముకోవడానికి అందులో పండు కనీసం 10 శాతం ఉంటే చాలు. మిగిలింది ప్రధానంగా నీళ్లు, చక్కెర. 300 మిల్లీలీటర్ల మామూలు కోలాలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, మామిడి పానీయాలు దానికి పెద్దగా తీసిపోవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాములకు లోపైతే మేలంటోంది.

చిత్తూరువాళ్లకు ఇందులో మరో బాధ ఉంది. దేశంలో తోతాపురి గుజ్జుకు ఈ ప్రాంతమే పెద్ద కేంద్రం. 2025 సీజన్‌లో ధర పడిపోయి, ఫ్యాక్టరీల గేట్ల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. రైతుకు కిలోకు 12 రూపాయలు అందేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించినా, ఆ 8 కూడా చేతికి రాలేదని రైతులు రోడ్డెక్కారు. ఆ కిలో కాయ వెల, చల్లటి చిన్న సీసా వెల పక్కపక్కన పెట్టి చూస్తే, మనం డబ్బు ఇస్తున్నది పండుకు కాదని తెలుస్తుంది. అలాగని ఫ్యాక్టరీలన్నీ చెడ్డవనలేం. శ్రీసిటీలో 2015లో పెప్సీకో, 2016లో క్యాడ్‌బరీ చాక్లెట్లు చేసే మోండెలెజ్ కర్మాగారాలు పెట్టాక ఎన్నో ఇళ్లకు జీతాలు వచ్చాయి. ఉద్యోగం ఇచ్చిన సరుకు కాబట్టి మన పిల్లలకు రోజూ పట్టించాలన్న షరతు మాత్రం ఎక్కడా లేదు.

బండ్లను విమర్శిస్తే పేదవాడి పొట్ట కొట్టినట్టు కాదా?

ఈ ప్రశ్నకు నేను ఎక్కువసేపు ఆలోచిస్తాను. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం బండి పెట్టుకుని బతికే హక్కును గుర్తించింది. మంచినీటి కుళాయి, చెత్త తొట్టి, నిలబడటానికి కేటాయించిన చోటు ఇవ్వకుండా, చేతులు కడుక్కోలేదని మాస్టరును తిట్టడం సగం న్యాయమే. మరో సగం కూడా ఉంది: బండి దగ్గర తినేవాడూ పేదవాడే. ఆటో నడిపే మనిషి, బట్టల దుకాణంలో పన్నెండు గంటలు నిలబడిన అమ్మాయి తినే ప్లేటులో చౌక నూనె ఉంటే, రేపటి ఆస్పత్రి ఖర్చు వాళ్లదే. అందువల్ల బండిని ఎత్తివేయమనడం కన్నా, దానికి నీళ్లు, శిక్షణ, తనిఖీ ఇవ్వమని నగరపాలక సంస్థను అడగడమే సరైనదని నా అభిప్రాయం.

రాజీ పడకూడనిది ఒకటుంది. ప్లేట్లు కడిగే పిల్లవాడికి పద్నాలుగేళ్లు నిండలేదనిపిస్తే అది నేరం. హోటళ్లు, దాబాల్లో వారిని పనిలో పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచే నిషిద్ధం. 1098కు ఫోన్ చేయవచ్చు. ఇంటికి తెప్పించుకునేవారు కూడా వానలో ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన డెలివరీ కుర్రాడికి ఒక్క నక్షత్రం ఇచ్చేముందు, అతనికి గంట కూలి కాక ఆర్డరు లెక్కన డబ్బులు వస్తాయన్నది గుర్తుంచుకోవాలి.

బడి పిల్లల విషయంలో నిబంధనలు ఏమిటి?

కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి క్యాంటీన్లలోనూ, బడి గేటుకు 50 మీటర్ల లోపలా అమ్మకూడదని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. సాయంత్రం బడి వదిలే వేళకు ఏ గేటు ముందు నిలబడినా వాటి అమలు ఎలా ఉందో తెలుస్తుంది.

రాత్రి పదకొండుకు హాస్టల్లో ఆకలేస్తే ఏం తినాలి?

పెనం మీద కళ్లముందు పోసిన గుడ్డు దోశ, ఇడ్లీ, చపాతీ, ఉడికించిన గుడ్లు చాలా చోట్ల దొరుకుతాయి. గదిలో బొరుగులు, వేయించిన చెనక్కాయలు, అరటిపళ్లు ఉంచుకుంటే సగం రాత్రులు గడిచిపోతాయి. ఎగ్ రైసే కావాలనిపిస్తే ఒక ప్లేటు ఇద్దరు పంచుకుని, “నూనె, ఉప్పు తగ్గించు మాస్టరూ” అని పొయ్యి మీద పెట్టకముందే చెప్పాలి. వేడి పదార్థాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోకుండా స్టీలు డబ్బా ఇవ్వండి. అచ్చు సిరా తిండికి అంటుతుంది గనుక న్యూస్‌పేపర్లో బజ్జీలు చుట్టడమూ నిషిద్ధమే.

తిని జబ్బు పడితే ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

బిల్లు, ప్లేటు ఫొటో, తిన్న వేళ రాసిపెట్టుకోండి. ఆహార భద్రత సంస్థ టోల్ ఫ్రీ నంబరు 1800112100. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనూ, జిల్లా ఆహార భద్రత అధికారి దగ్గరా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దుకాణంలో కనపడేలా పెట్టాల్సిన 14 అంకెల లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ సంఖ్య రాసిస్తే పని తొందరగా కదులుతుంది. ఇవి కాక 2006 నాటి ఆహార భద్రత చట్టంలోని 40వ సెక్షన్ మామూలు కొనుగోలుదారుకే ఒక హక్కు ఇచ్చింది: రుసుము కట్టి తాను కొన్న పదార్థాన్ని ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవచ్చు, అది ప్రమాణాలకు తగినట్టు లేదని తేలితే రుసుము తిరిగి వస్తుంది. అయితే పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. ఆ మాట చెప్పిన వెంటనే బాండలిలో కొత్త నూనె పడితే, ఆ రోజుకు మీ వెనుక వరసలో నిలబడ్డవాళ్లందరూ మీకు రుణపడతారు.